పెద్దల బడిలో పుట్టిన పిల్లల పాఠం

1924లో మ్యూనిక్‌లో డొరోథే గ్యుంటర్, స్వరకర్త కార్ల్ ఆర్ఫ్ కలిసి ఒక బడి తెరిచారు. అందులో చేరినవాళ్లు పసివాళ్లు కాదు. వ్యాయామం, నాట్యం నేర్చుకోవడానికి వచ్చిన యువతులు. ఇవాళ ఎన్నో దేశాల్లో చిన్నపిల్లలకు ఆటపాటలతో సంగీతం నేర్పే ‘ఆర్ఫ్ పద్ధతి’కి పునాది పడింది అక్కడే.

ఆడేవాళ్లే తమ ఆటకు తామే వాయించుకోవాలన్నది ఆర్ఫ్ పట్టుదల. కానీ ఏళ్ల సాధన లేనివాళ్లు ఏం వాయిస్తారు? డప్పులు, తాళాలు సరే, స్వరం పలికే వాద్యమో? హార్ప్సికార్డ్‌లు తయారుచేసే కార్ల్ మేండ్లర్ చేత చెక్క పలకల జైలోఫోన్‌లు చేయించారు. 1926లో ఆ బడిలో చేరిన గునిల్డ్ కేట్‌మన్ వాటికి తగిన బాణీలు కట్టింది. తర్వాత అక్కడే టీచరైంది.

1936 బెర్లిన్ ఒలింపిక్స్ ప్రారంభ దినాన జరిగిన ఉత్సవంలో పిల్లల నృత్యానికి సంగీతం ఆర్ఫ్, కేట్‌మన్‌లదే. ఆ నాజీ వేడుకను దాటేసి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. అయినా అదే ప్రభుత్వ హయాంలో 1944లో బడి మూతపడింది. మరుసటి ఏడు బాంబులకు భవనం కూలింది.

కథ ముగిసిందనుకున్న చోట రేడియో తలుపు తట్టింది. పిల్లలు తామే వాయించుకోగల సంగీతం కావాలని బవేరియా రేడియో ఆర్ఫ్‌ను అడిగింది. 1948 సెప్టెంబరులో ప్రసారాలు మొదలై ఏళ్లపాటు సాగాయి. వాద్యాల కొరత తీర్చడానికి క్లాస్ బెకర్ 1949లో వాటి తయారీకే ఒక కార్ఖానా పెట్టాడు.

రేడియోకు చెవులే గాని కళ్లుండవు. పాట ఇల్లిల్లూ చేరింది, ఆట మాత్రం మైకు దగ్గరే ఆగిపోయింది. దాన్ని మళ్లీ పాటకు జతచేసింది కేట్‌మన్. 1949లో సాల్జ్‌బర్గ్‌లోని మొజార్టియం సంగీత విద్యాలయంలో పిల్లల తరగతులు చేపట్టి, ఆటను, పాటను ఒకే గదిలోకి తెచ్చింది. ఈ పిల్లల సంగీతంతో 1950-54 మధ్య వెలువడిన అయిదు సంపుటాల మీద ఆర్ఫ్, కేట్‌మన్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పద్ధతికి మాత్రం ఆర్ఫ్ పేరే స్థిరపడింది. సగం కీర్తి ఆమెకు బాకీ ఉన్నట్టే.

ఈ పద్ధతిలో మాటే మొదటి వాద్యం. పిల్లలు తమ పేర్లనే లయగా పలుకుతారు. ఆ లయ చప్పట్లలోకి, తొడల మీది దరువులోకి, అడుగుల్లోకి దిగుతుంది. జైలోఫోన్ పలకల మీదికి వచ్చేది ఆ తర్వాతే. అక్కడా ఒక కిటుకుంది: అక్కర్లేని పలకలను ఊడదీసి పక్కన పెట్టేయవచ్చు. మొదట్లో తరచూ మిగిల్చేవి అయిదు స్వరాలు, అంటే మన మోహన రాగం స్వరాలే. ఏ పలక మీద కొట్టినా వినసొంపుగానే ఉంటుంది గనక, తప్పు పడుతుందన్న భయం లేకుండా నాలుగేళ్ల పిల్ల సొంతంగా బాణీ కడుతుంది.

ఇలా నేర్పగల టీచర్లను తయారుచేయడానికి 1961లో సాల్జ్‌బర్గ్‌లోనే ఆర్ఫ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది.