అడవి జింకల్లో కరోనా వైరస్: పరీక్షలు తేల్చిందేమిటి?

మనుషులకు సోకే వైరస్ అడవి జంతువుల్లో స్థిరపడితే దానిని పూర్తిగా నిర్మూలించడం దుస్సాధ్యం. కొవిడ్-19 కారక వైరస్ విషయంలో ఈ ఆందోళనకు అమెరికాలోని తెల్లతోక జింకలు కేంద్రంగా నిలిచాయి.

రక్తపరీక్షలో ఏం తేలింది?

అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మిషిగన్, పెన్సిల్వేనియా, న్యూయార్క్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో 2021 జనవరి-మార్చి నెలల్లో సేకరించిన 385 జింకల రక్త నమూనాలను పరీక్షించారు. వాటిలో 152 నమూనాల్లో, అంటే దాదాపు 40 శాతంలో, ఈ వైరస్‌కు ప్రతిరక్షకాలు బయటపడ్డాయి. మిషిగన్‌లో ఇది 67 శాతం కాగా, ఇల్లినాయ్‌లో 7 శాతమే. మహమ్మారికి ముందు భద్రపరచిన నమూనాల్లో అవి దాదాపుగా కనిపించలేదు.

ప్రతిరక్షకాలు ఉంటే ఆ జంతువుకు గతంలో వైరస్ సోకిందని అర్థం. పరీక్షించే నాటికి వైరస్ ఒంట్లో ఉన్నదీ లేనిదీ వాటివల్ల తెలియదు. అందుకు వైరస్ జన్యుపదార్థాన్నే వెతకాలి. ఒహాయోలో 360 జింకల ముక్కు నుంచి నమూనాలు తీయగా, 129 జింకల్లో వైరస్ ఉన్నట్లు తేలింది. అయోవాలో జింకలకు వచ్చే మరో వ్యాధి నిఘా కోసం సేకరించిన 283 లింఫ్ గ్రంథుల్లో 94 పాజిటివ్‌గా వచ్చాయి.

ఎందుకు ముఖ్యం?

జన్యుక్రమాలను పోల్చినప్పుడు, వైరస్ మనుషుల నుంచి జింకలకు పలుమార్లు చేరి, ఆపై ఒక జింక నుంచి మరో జింకకు వ్యాపించినట్లు వెల్లడైంది. మనుషుల్లో కనుమరుగైన ఆల్ఫా, గామా రకాలు న్యూయార్క్ జింకల్లో తర్వాత కూడా కొనసాగాయి. కెనడాలోని ఒంటారియోలో జింకల్లో మార్పులు చెందిన వైరస్‌కు అతి దగ్గరి రూపం ఒక మనిషిలో కనిపించింది. అయినా జింకల నుంచి మనుషులకు సోకే ముప్పు తక్కువేనని అధికారుల అంచనా. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో పరీక్షించిన జింకల్లో మాత్రం వైరస్ సోకిన ఆనవాళ్లు లభించలేదు.

భారత్‌లోనూ మనుషుల వైరస్ జంతువులను తాకింది. 2021లో హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఎనిమిది ఆసియా సింహాలకు కొవిడ్ సోకినట్లు సీసీఎంబీ ప్రయోగశాల నిర్ధారించింది. ఎన్‌క్లోజర్లలోని సింహాలకు దగ్గు, ముక్కు కారడం వంటి లక్షణాలను సంరక్షకులు గమనించగలరు. అడవిలో తిరిగే జింకను రోజూ చూసేవారుండరు. పైగా చాలా జింకల్లో పైకి ఏ లక్షణమూ కనిపించదు. అందుకే వాటి విషయంలో క్రమం తప్పని నమూనాల సేకరణ ఒక్కటే ముందస్తు హెచ్చరిక ఇవ్వగలదు.