అవ్వ అగరుబత్తుల ఒర: ఒక మౌజర్ పిస్తోలు మిగిల్చిన చెక్క ముక్క

మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఒక చెక్క వస్తువు మేకుకి వేలాడుతుండేది. సొరకాయని రెండు పక్కలా అదిమినట్టు, ఒక కొస లావు, ఒక కొస సన్నం. లోపలంతా డొల్ల. లావు కొసకి మూత, మూత పక్కన చిన్న మీట. నొక్కితే టక్కున తెరుచుకుంటుంది. అవ్వ అందులో అగరుబత్తులు పెట్టేది. ఇప్పటికీ మూత తీస్తే గంధం వాసనే.

సన్నటి కొసకి మాత్రం ఒక ఇనుప ముక్క బిగించి ఉంది. అగరుబత్తులకి దాంతో ఏం పని? చిన్నప్పుడు అడిగితే "అది యుద్ధం నాటిది, ముట్టుకోవద్దు" అనేది అవ్వ.

ఇంట్లో అందరం విన్న కథ ఇది. మా ముత్తాత బెంగళూరు మద్రాస్ సాపర్స్‌లో సిపాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాకి పోయినాడు. అక్కడ ఒక జర్మన్ దొర దగ్గర పిస్తోలు పట్టుకున్నాడు. పిస్తోలు సర్కారు తీసుకుంది, ఒర మాత్రం ఇంటికొచ్చింది. పోయిన దసరాకి ఇంటికి సున్నం కొట్టించేటప్పుడు చిన్నాయన దాన్ని తుడిచి, "జర్మన్ ఆఫీసరు నుంచి స్వాధీనం చేసుకున్నది అని చక్కగా ఒక పలక రాయండ్రా" అన్నాడు. కన్నడ మీడియంలో చదివినోళ్ళం, తెలుగు రాత మాకు పెద్దయ్యాక వచ్చింది. అయినా రాస్తామని ఒప్పుకున్నాం. రాసే ముందు కథ నిజమా కాదా చూద్దామనుకున్నాం. మా బతుకుతెరువు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

మా పనిలో ఒక అలవాటుంది. పాత కోడ్‌లో అర్థం కాని లైను కనిపిస్తే తొందరపడి తీసెయ్యం. ఎప్పుడో ఎవరికో వచ్చిన ఇబ్బందికి అది జవాబు అయ్యుంటుంది. పాత పిస్తోలులో వింత భాగాల్ని కూడా అట్లే చదవాలని ఈ ఒర మాకు నేర్పింది.

ఇది మౌజర్ సి96 అనే పిస్తోలు ఒర. జర్మనీలో ఓబెర్న్‌డార్ఫ్ అనే ఊళ్ళో మౌజర్ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ పనిచేసే ఫీడర్లె అన్నదమ్ములు దీన్ని రూపొందించారు. పేటెంటు, పేరు పాల్ మౌజర్‌వి. మొదటి నమూనా 1895లో తయారైంది. 1896 మొదలు 1930ల దాకా చేస్తూ వచ్చారు.

మనం సినిమాల్లో చూసే పిస్తోళ్ళలో తూటాలు పిడిలో ఉంటాయి. ఇందులో ట్రిగ్గర్‌కి ముందు ఒక పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె ఊడి రాదు. 10 తూటాలు గుచ్చిన క్లిప్పుని పైనుంచి నిలబెట్టి, బొటనవేలితో లోపలికి నొక్కాలి. ఆ కాలపు సైనిక రైఫిళ్ళని నింపే పద్ధతే ఇది. పిడిలో తూటాలు లేవు కాబట్టి పిడి సన్నగా, గుండ్రంగా ఉంటుంది. చీపురు కట్టెలాగుందని ఇంగ్లీషువాళ్ళు దానికి ఆ పేరే పెట్టారు.

ఇంకొక వింత, గురి చూసే పట్టీ మీది అంకెలు. చాలా పిస్తోళ్ళలో అవి 1000 మీటర్ల దాకా ఉంటాయి. ఒంటి చేత్తో పట్టుకుని అంత దూరం కొట్టేదెవరు? ఇక్కడే మా ఇనుప ముక్కకి జవాబు దొరికింది. పిస్తోలు పిడి వెనక ఒక గాడి ఉంటుంది. ఒర సన్నటి కొసన ఉన్న ఇనుప ముక్క ఆ గాడిలోకి జారి బిగుసుకుంటుంది. అప్పుడు లావు కొస, అంటే అవ్వ తెరిచే మూత, భుజానికి ఆనుతుంది. పిస్తోలు చిన్న రైఫిలు అవుతుంది. ఒరే తుపాకి మడమ! 1000 మీటర్లనేది అప్పటికీ ఆశే గానీ, ఆ అంకెలు అక్కడ ఎందుకున్నాయో తెలిసింది. ఒక వింత భాగాన్ని ఇంకొక వింత భాగం విప్పి చెప్పింది. చైనాలో ఈ పిస్తోలుకి 'పెట్టె ఫిరంగి' అనే అర్థమొచ్చే పేరు పడింది, ఈ చెక్క పెట్టె వల్లనే.

ఇట్లాంటివే ఇంకా ఉన్నాయి. కొన్ని మౌజర్ల పిడి మీద పెద్ద 9 అంకె చెక్కి ఎర్ర రంగు పూసి ఉంటుంది. అలంకారం కాదది. ఈ పిస్తోలు అసలు తూటా 7.63 మి.మీ. జర్మన్ సైన్యంలో వాడుక 9 మి.మీ. తూటా. 1916లో సైన్యం ఆ కొలతలో 1,50,000 పిస్తోళ్ళు చెయ్యమంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, కంగారులో సిపాయి ఒకదాని తూటా ఇంకొకదాంట్లో పెడితే కష్టం. అందుకని ఆ ఎర్ర తొమ్మిది. యుద్ధం తర్వాత వచ్చిన కొన్ని మౌజర్లకి గొట్టం పొట్టిగా, 99 మి.మీ. ఉంటుంది. వెర్సాయ్ సంధి తర్వాత జర్మనీలో పిస్తోలు గొట్టానికి 100 మి.మీ. హద్దు పడింది మరి. లోపలి యంత్రంలో ఒక్క స్క్రూ కూడా లేదు, పిడి చెక్కలకే ఒక స్క్రూ ఉంటుంది. మిగతా భాగాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి.

ఇంతదాకా చిన్నాయనకి సంతోషమే. వస్తువు జర్మన్‌ది, తేలిపోయింది. కానీ దాన్ని మోసినోడు జర్మన్ వాడేనా?

ఇక్కడ మా కథ బలం తగ్గింది. మౌజర్‌ని జర్మన్లే వాడలేదు. బ్రిటిష్ ఆఫీసర్లు సొంత డబ్బుతో లండన్‌లో కొనుక్కునేవాళ్ళు. వాళ్ళలో ఒకడు చర్చిల్. 1896లో మన దేశానికి వస్తూ, బొంబాయిలో పడవ దిగేటప్పుడు భుజం దెబ్బతీసుకున్నాడు. తర్వాత ఉద్యోగం మన బెంగళూరు కంటోన్మెంటులోనే. ఆ భుజంతో కత్తి తిప్పడం కష్టమని, 1898లో సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్ యుద్ధంలో గుర్రం మీద మౌజర్ పట్టుకున్నాడు. ఒట్టొమన్ సర్కారు కూడా 1890ల చివర్లో సుమారు 1000 మౌజర్లు కొనింది. వాటి గురి పట్టీ మీద అంకెలు తూర్పు లిపిలో ఉంటాయి.

మన దేశంలోకీ వచ్చాయి. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీ సరుకు కస్టమ్స్ నుంచి వస్తుంటే ఒక ఎడ్లబండి దారి మళ్ళింది. 50 మౌజర్లు, 46,000 తూటాలు విప్లవకారుల చేతికి చిక్కాయి. మరుసటేడు సెప్టెంబరు 9న ఒడిశాలో బాలాసోర్ దగ్గర బాఘా జతిన్, నలుగురు సహచరులు పోలీసుల్ని ఎదిరించినప్పుడు వాళ్ళ చేతుల్లో ఉన్నవి మౌజర్లే.

అంటే మా ఒర ఒక జర్మన్ దొరది కావచ్చు, టర్కీ ఆఫీసరుది కావచ్చు, మా ముత్తాత పైనున్న ఇంగ్లీషు దొరదే కావచ్చు. పిస్తోలు ఉండుంటే గురి పట్టీ, ముద్రలు, నంబరు ఏదో ఒకటి చెప్పేవి. అది లేదు. ఒర మీద మేము వెదికినంతలో ఏ ముద్రా లేదు.

చిన్నాయనకి ఈ మాట చెప్పడానికి రెండు వారాలు వెనకాడినాం. చెప్పినాక కాసేపు మాట్లాడలేదు. "మా నాయన అబద్ధం చెప్పినాడంటారా?" అన్నాడు. లేదు చిన్నాయనా, తాత విన్నది చెప్పినాడు, మేమూ విన్నది చెప్తాం, కానీ చూసింది వేరేగా రాస్తాం అన్నాం. ఒరని మళ్ళీ చేతికి తీసుకుని, ఇనుప ముక్క మీద వేలు పెట్టి, "ఇది గాడిలోకి ఎట్లా పోతుందన్నారు?" అని అడిగినాడు. బొమ్మ గీసి చూపించినాం.

పలక రాయలేదు. ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసి మూత లోపల అంటించినాం. 'మాకు తెలిసింది: ఇది మౌజర్ సి96 పిస్తోలు ఒర, భుజానికి ఆనించే మడమ కూడా ఇదే. మేము విన్నది: ముత్తాత మెసొపొటేమియాలో జర్మన్ ఆఫీసరు దగ్గర పట్టుకున్నాడు.' రెంటికీ మధ్య ఒక గీత.

మీ ఇళ్ళల్లో కూడా ఇట్లాంటి వస్తువులు ఉంటాయి. ఇత్తడి బొత్తాలు, తోలు పట్టీలు, ఎందుకో తెలియని ఇనుప కొక్కేలు. పనికిరాదని ఊడదీసి పారెయ్యకండి. అది ఎందుకుందో ముందు అడగండి. పెద్దలు చెప్పిన కథ కూడా రాసిపెట్టండి, గీతకి ఆ పక్కన.

అగరుబత్తులు ఇప్పటికీ అందులోనే ఉన్నాయి.