వేపమండ కట్టిన గుమ్మం

కాస్త పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

మొన్న వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ల దగ్గరి ఒక డే కేర్‌లో పిల్లలకు చేతులమీద, కాళ్లమీద, నోట్లో పొక్కులు లేచాయి. హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ అన్నారు డాక్టరుగారు. వారం తిరిగేసరికి సగంమంది పిల్లలకు అంటుకుంది. మొదట జ్వరం వచ్చిన బిడ్డకు పొద్దున్నే పారాసిటమాల్ సిరప్ పోసి, ఒళ్లు చల్లబడగానే అక్కడ దింపి వెళ్లారని తరవాత తెలిసింది. వాట్సాప్ గ్రూపులో అందరూ ఆ తల్లిమీద పడ్డారు. ఆ అందరిలో మేమూ ఉన్నాం. కోపం చల్లారాక ఈ ఊరి పాత చరిత్ర గుర్తొచ్చింది.

ఇక్కడ రోగాన్ని దాచడం కొత్త కాదు. 1898 ఆగస్టులో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. రోగిని ఆసుపత్రికి, ఇంటివాళ్లను ఊరిబయట శిబిరాలకు తరలించారు. ఇళ్లు ఖాళీ చేయించారు, కొన్ని కూలగొట్టారు. చెబితే ఇల్లు పోతుంది, కూలి పోతుంది, మనిషి కళ్లముందు నుంచి పోతాడు. ఇక ఎవరు చెబుతారు? జనం రోగుల్ని దాచారు. దాచినకొద్దీ రోగం పాకింది. అంతకు ముందే, 1897లో, పుణెలో ఇలాంటి కట్టడిమీద కోపం ప్లేగు కమిషనర్ ర్యాండ్ హత్యదాకా వెళ్లింది. మల్లేశ్వరం, బసవనగుడి విశాలమైన వీధులతో పెరిగింది ఆ ప్లేగు తరవాతే. ప్లేగు మారమ్మ గుళ్లు ఇప్పటికీ ఈ నగరంలో ఉన్నాయి.

మరి మన ఊళ్లలో అమ్మవారు పోసినప్పుడు ఏం చేసేవారు? గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంట్లో తాలింపు వేసేవారు కాదు. చుట్టాలు గడప తొక్కేవారు కాదు. తలకు నీళ్లు పోసేదాకా బిడ్డ వీధిలోకి వచ్చేది కాదు. వేపాకు మశూచిని ఆపిందని మేము అనడం లేదు. ఆపింది టీకా. 1802లో భారతదేశంలో మొదటి టీకా వేయించుకున్నది బొంబాయిలో మూడేళ్ల పాప. ఆ తరవాత టీకా ఊరూరా ప్రయాణించింది కూడా ఎక్కువగా పిల్లల చేతులమీదే, ఒక బిడ్డ పొక్కు నుంచి ఇంకో బిడ్డకు. 1975 నాటికి దేశంలో మశూచి పోయింది. అయినా ఆ వేపమండలో ఒక తెలివి ఉంది. ఇంట్లో రోగం ఉందని వీధికి సిగ్గుపడకుండా చెప్పేది. చెప్పినందుకు ఎవరూ ఆ తల్లిని తిట్టేవారు కాదు.

ఇప్పటి తల్లి ఎందుకు చెప్పలేకపోతోంది? అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ గార్మెంట్స్‌లో కుట్టే అమ్మాయికైనా, ఐటీ ఉద్యోగినికైనా తిప్పలు ఒక్కటే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం క్రెష్ ఉండాలంది. 2017 సవరణ యాభైమంది ఉన్న సంస్థలకు క్రెష్ తప్పనిసరి చేసి, రోజుకు నాలుగుసార్లు తల్లి బిడ్డను చూసి రావచ్చంది. మంచిదే. కానీ బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో ఉండడానికి జీతంతో సెలవు సంగతి అందులో లేదు. సెలవు లేని చోట సిరప్పే దిక్కు.

అందుకే మా సంఘంలో మూడు సంగతులు అనుకున్నాం. ఒకటి, జ్వరం సంగతి చెప్పిన తల్లిని గ్రూపులో ఒక్క మాట అనకూడదు. రెండు, బిడ్డ ఇంట్లో ఉన్న రోజులకు ఫీజు తగ్గించమని డే కేర్ వాళ్లను అడగాలి. మూడు, వీలున్న పెద్దవాళ్లు వంతులవారీగా ఆ ఇంటికి తోడు వెళ్లాలి.

ఇక డే కేర్‌లో డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగడం, బొమ్మలు కడిగి ఆరబెట్టడం తప్పనిసరి. ఈ వైరస్‌కు శానిటైజర్‌ను నమ్ముకుంటే చాలదు, సబ్బూ నీళ్లే మేలు. పొక్కులు మానాక కూడా కొన్ని వారాలపాటు మలంలో వైరస్ ఉంటుంది. కాబట్టి ఆ కడుగుడు మానకూడదు.

ఆ తల్లి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. ఆమె కాఫీ ఇచ్చింది. ఎక్కువేం మాట్లాడలేదు. ఈసారి బిడ్డకు ఒళ్లు కాలితే మాకు ఫోన్ చేస్తానని మాత్రం అంది.