నిర్మాణ కూలీ – నష్టపరిహార హక్కు

ఎల్బీ నగర్‌లో మేస్త్రీ పిలవగా పనికి వెళ్లిన అడ్డా కూలీ సెంట్రింగ్ మీద నుంచి పడితే పరిహారం ఎవరు చెల్లించాలి? పూర్వం యజమాని తప్పును కూలీయే కోర్టులో రుజువు చేయవలసి వచ్చేది. బ్రిటిష్ ఇండియాలో 1924 జూలై 1న అమలులోకి వచ్చిన 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ఆ భారాన్ని తొలగించింది. పని చేస్తుండగా, పని కారణంగా గాయపడినట్లు చూపితే సాధారణంగా సరిపోతుంది. తరువాత ఈ చట్టం దేశమంతటికీ వర్తించింది.

నిర్మాణ కూలీలకు 12వ సెక్షన్ మరింత ముఖ్యమైనది. దీని ప్రకారం మేస్త్రీ ద్వారా పని చేయించుకున్న బిల్డరు కూడా బాధ్యుడే. చెల్లించిన సొమ్మును అతడు మేస్త్రీ నుంచి రాబట్టుకోవచ్చు. అయితే అడ్డా కూలీకి హాజరు పట్టీ ఉండదు. కనుక తోటి కూలీల సాక్ష్యం, ఆసుపత్రి రికార్డులే అతనికి ఆధారం. ఈ చట్టాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో విలీనం చేసినా, ఈ సూత్రం అందులో కొనసాగింది.