పెరటి చెట్టు మందుకు పనికివచ్చును



“పెరటి చెట్టు మందుకు పనికిరాదు” అని మన పెద్దలు సామెత చెప్పిరి. అది చెట్టునందలి లోపము కాదు. చేరువనున్న దానిని చులకన చేయు మన బుద్ధి లోపము. ఈ నెల మిమ్మును హైదరాబాదు పాతబస్తీలోని చార్మినారు యొద్దకు తీసికొనిపోయి, ఆ పెరటి చెట్టును గూర్చి ఒక పాత సంగతి చెప్పగోరుచున్నాను.

గోలకొండ కోటలో జనము క్రిక్కిరిసి నీటికి కటకటయైనందున, సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ నదికి దక్షిణపు గట్టున క్రొత్త నగరము వేయించెను. దాని నడుమ 1591లో చార్మినారు వెలసినది. మహమ్మారి తెగులు శాంతించినందుకు కృతజ్ఞతగా దానిని కట్టించెనని జనులు చెప్పుకొందురు. హిజ్రీ శకపు వెయ్యవ సంవత్సరమునకు గురుతుగా కట్టించెనని చరిత్రకారులు కొందరందురు. ఏది యెట్లున్నను, 1595లో అదే రాజు ఆ నగరములోనే ఒక వైద్యశాల కట్టించెను. దారుల్ షిఫా అని దానికి పేరు. స్వస్థత నిచ్చు ఇల్లని అర్థము. అక్కడ యునానీ వైద్యము చేయుటయే గాక నేర్పుటయు జరిగెను. నేడది ఆసుపత్రి కాదు గాని, ఆ పేటకు ఆ పేరు నిలిచియున్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో చార్మినారు చెంత కట్టిన యునానీ ఆసుపత్రి మాత్రము నేటికిని రోగులను చూచుచున్నది.

యునానీ యనగా గ్రీకు దేశపుదని అర్థము. గ్రీకుల వైద్య గ్రంథములు అరబ్బీలోనికి ఎట్లు వచ్చెను? 9వ శతాబ్దమున బాగ్దాదులో పనిచేసి 873లో మరణించిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ వాటిని తర్జుమా చేసినవారిలో ముఖ్యుడు. ఆయన తూర్పు సంఘమునకు చెందిన క్రైస్తవుడు. గాలెన్ అను వైద్యుని గ్రంథములను సురియానీలోనికిని అరబ్బీలోనికిని మార్చెను. మందుమొక్కలను గూర్చి డియోస్కొరిదీస్ వ్రాసిన గ్రంథపు అరబ్బీ తర్జుమాను దిద్దెను. గ్రీకుల విద్యను క్రైస్తవుడు తర్జుమా చేయగా, ముస్లిము హకీములు దానిని పెంచి మన నేలకు తెచ్చిరి. మేలుచేయు ఆకు ఎవరి పెరటిలోనైనను ఒక్క రీతినే మొలచును గదా!

ఇక తోట సంగతి. 17వ శతాబ్దమున ఈ నగరమునకు వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్, రాజనగరులో మిద్దెలమీదనే తోటలుండెననియు, అంత పెద్ద చెట్ల బరువును క్రింది కమానులు ఎట్లు మోయుచున్నవో తెలియకున్నదనియు ఆశ్చర్యముతో వ్రాసెను. ఆ నగరు ఇప్పుడు లేదు. రాజునకు మిద్దెమీద మహావృక్షములు సాధ్యమైన యెడల, మన గుమ్మము ప్రక్కనున్న కుండలో నాలుగు మొక్కలు అసాధ్యమా?

కూరకు తెచ్చిన పుదీనా కట్టలో ముదురు కాడలు నాలుగు గుచ్చిన చాలును. అది ప్రాకి తక్కిన మొక్కలను మ్రింగును గనుక దానికి వేరుగా కుండ నీయుడి. ధనియాలను రెండు బద్దలగునట్లు మెల్లగా నలిపి చల్లుడి. వామాకు కొమ్మ విరిచి నాటినను బ్రతుకును. కుండ అడుగున చిల్లు మరువకుడి. నీరు నిలిచిన వేరు కుళ్లును. బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపుడి. పచ్చి పేడ వేయకుడి. పురుగు పట్టినచో వేపగింజల కషాయము చల్లి, ఆకు కోసినప్పుడు బాగుగా కడుగుడి. పచ్చిగా తిను ఆకుపై విషపు మందు ఏల? పట్టణపు మురుగు కలిసిన మూసీ నీటితో దిగువ పల్లెలలో ఆకుకూరలు పెంచుట అనేకులెరిగినదే. మన ఆకు ఏ నీరు త్రాగినదో మనకు తెలియుట ఎంత నెమ్మది!

అయితే ఒక తప్పు ఒప్పుకొనవలెను. నేను సెమినరీ విడిచి మొదటి సంఘమునకు వచ్చిన క్రొత్తలో, మందుమొక్కలను ప్రసంగపీఠము మీదనుండి మిక్కిలి పొగడితిని. ఒక తల్లి, అయ్యగారు చెప్పిరి గదా యని, జ్వరముతోనున్న బిడ్డకు మూడు దినములు ఆకు కషాయమే పోసినది. నాలుగవ దినమున బిడ్డను ఆసుపత్రికి ఎత్తుకొని పరుగెత్తితిమి. దేవునికి స్తోత్రము, బిడ్డ బ్రతికెను. ఆ తల్లి నన్ను ఒక్క మాటయు అనలేదు. అదియే నాకు పెద్ద గద్దింపైనది. నేను సగమే చెప్పితిని. మిద్దెమీద తోటలు పెంచిన ఆ రాజవంశమే వైద్యశాలను గూడ కట్టెను. తోట యున్నదని వైద్యుని విడువలేదు. కొద్దిపాటి జలుబుకో అజీర్ణమునకో పెరటి ఆకు చాలును. జ్వరము విడువని యెడల ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

పుదీనాలో పదియవ వంతు లెక్కపెట్టి కనికరమును మరచిన వారిని మన ప్రభువు గద్దించెను. కాబట్టి మీ కుండలో ఆకు నిండినప్పుడు ఒక గుప్పెడు పొరుగింటికిని పంపుడి. ఆ యింట బిడ్డ మూలుగుచున్నట్లు వినబడిన యెడల, ఆకు అక్కడ పెట్టి, బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి వారితోకూడ నడువుడి.