పేరు పెట్టి పిలుచుట



ఉప్పలునుండి ఘట్‌కేసరునకు బోవు దారిలో నారపల్లి యను నూరు గలదు. హైదరాబాదునుండి భువనగిరి మీదుగా ఓరుగంటికి బోవు పెద్దబాట దాని నానుకొని సాగును. బాట ప్రక్క నూరి పేరు బాటసారులందఱు నెఱుగుదురు. దారి లేని యూర నెంత పాత గుడి యున్నను వెదకికొని పోవువారు అరుదు. వ్రాతకును నిదియే న్యాయము. వ్రాసిన మాత్రమున చాలదు. చదువరి దానియొద్దకు వచ్చుటకు దారి యుండవలయును.

ఇందులకు మన చరిత్రయందే యొక దృష్టాంతమున్నది. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను నర్థము వచ్చునట్లు ఒక పండితుడు వ్రాసెను. ఆ మాట యీ ప్రాంతపువారిని మిక్కిలి నొప్పించెను. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరము ప్రతాపరెడ్డిగారు అప్పుడు హైదరాబాదున గోలకొండ పత్రికను నడపుచుండిరి. వారు కోపముతో నొక జవాబు వ్రాసి యూరకుండలేదు. రచనలు పంపుడని కవులను గోరిరి. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడెను. లేరన్నవారికి అంతకు మించిన సమాధాన మేమి కావలయును?

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. అడిగినవారికి సాక్ష్యము లభించెను. ఇచ్చినవారికి పేరు నిలిచెను. ఒక కవిని జదువ గ్రంథము దెఱచినవాడు, అతని ప్రక్కనున్న వేఱొక కవిని గూడ నెఱిగెను. ఒకరి పేరు మఱియొకరికి దారి యయ్యెను.

మన కాలమున నీ పని కంప్యూటరులోనికి వచ్చినది. 1991లో టిమ్ బెర్నర్స్‌లీ యను నాంగ్లేయుడు ‘వెబ్’ అను నేర్పాటును లోకమునకు వెల్లడించెను. అందొక పుటలోని మాటను ముట్టినచో మఱియొక పుట తెఱచుకొనును. ఆ దారికే లింకని పేరు. 1998లో స్టాన్‌ఫర్డు విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు ఈ లింకులను సాక్ష్యములుగా లెక్కించు పద్ధతిని వివరించిరి. పదుగురు సూచించిన పుట గొప్పది. గొప్ప పుట సూచించినది మఱింత గొప్పది. ఊరి పెద్ద మాటకు మనమిచ్చు విలువ వంటిదే యిది. గూగులు సంస్థ ఈ పునాదిపైననే లేచినది.

విలువ గలచోట మోసము చేరును. కొందఱు లింకులను గొనిరి. కొందఱు ఒకే లేఖను, పేరు మాత్రము మార్చి, వేలమందికి బంపిరి. 2012లో గూగులు ‘పెంగ్విన్’ అను మార్పును దెచ్చి, అట్టి కపటపు లింకులపై నాధారపడిన పుటలను వెనుకకు ద్రోసెను. కొని తెచ్చిన సాక్షి న్యాయస్థానమున నిలువనట్లే యిదియును నిలువలేదు.

మఱి యుచితమైన మార్గమేది? నారపల్లి యువకుడొకడు ఓరుగంటి బాట చరిత్రను వ్రాసెననుకొందము. భువనగిరి కోటను గూర్చి వ్రాసిన వేఱొకనికి లేఖ వ్రాయదలచెను. మొదట నతని వ్రాతను పూర్తిగా జదువవలయును. పిదప అతనిని పేరుతో సంబోధించి, తానెవరో చెప్పి, ‘మీ వ్రాతలో కోటకు వచ్చు దారిని గూర్చి లేదు, ఆ వివరము నా పుటలో నున్నది, మీ చదువరులకు బనికివచ్చునని తోచినచో సూచింపుడు’ అని వినయముగా నడుగవలయును. అతని వ్రాతలో తప్పు గనబడినచో మెల్లగా దెలుపవలయును. జవాబు రానిచో నొక్కసారి జ్ఞప్తి చేసి, యంతటితో విరమింపవలయును. తన పుటలో సరకు లేనిచో ఎంత చక్కని లేఖయు ఫలింపదు.

ఆ సరకు ఎక్కడనుండి రావలయును? పాత బాట ఏ చెఱువుకట్ట మీదుగా బోయెడిదో, బండ్లెచ్చట నాగెడివో మీవంటి పెద్దలే చెప్పవలయును. రేపొక పిల్లవాడు కాగితము పట్టుకొని మీ యరుగు నొద్దకు వచ్చినచో, పనిలేనివాడని పంపివేయకుడు. మీరు చెప్పక యున్నచో, ఈ ప్రాంతమున జెప్పదగినదేమియు లేదని మరల నెవరైన వ్రాయుదురు. అప్పుడు చూపుటకు సాక్ష్యముండదు.