ఆకాశవీరుల కీర్తి



రణమున మడిసిన వీరునకు శిల నిలుపుట మనకు క్రొత్త గాదు. పల్లెల పొలిమేరలయందలి వీరగల్లులే యిందులకు సాక్ష్యము. అయినను, వీరుడు కీర్తి నార్జించుట వేఱు, రాజ్యము తన యవసరముకొలది వీరుని దీర్చిదిద్దుట వేఱు. మొదటి ప్రపంచయుద్ధమునాటి వైమానికుల చరిత్రము నీ భేదమును స్పష్టపఱచును.

1914లో యుద్ధ మారంభమైనపుడు విమానము శత్రువుల కదలికలను గనిపెట్టు సాధనము మాత్రమే. అట్లు గనిపెట్టువానిని గూల్చుటకై పిదప మరతుపాకి గల యుద్ధవిమానము పుట్టినది. నేలపై సైనికులు కందకములలో, బురదలో, పేరైన దెలియక నశించుచుండిరి. 1916 జూలై 1వ తేదీన సోమ్ నదీప్రాంతమున ఒక్కనాడే 19,000 మందికి పైగా బ్రిటిషు సైనికులు మడిసిరి. ఇందఱి చావును దలచుకొన్న ప్రజల ధైర్యము నిలుచునా? కావున పత్రికలకును ప్రభుత్వములకును ఒక పేరు, ఒక ముఖము, ఒక విజయముల లెక్క కావలసివచ్చెను. అవి యాకాశమున దొరకినవి.

జర్మనీలో మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిచ్తోఫెన్ మొదట ఆశ్వికుడు, పిదప వైమానికుడు. తన విమానమునకు ఎఱ్ఱరంగు పూయించెను. అతని చిత్రములు తపాలాకార్డులపై అచ్చయి దేశమంతట వ్యాపించెను. సైనికాధికారుల ప్రేరణమున 1917లో అతని స్వీయకథయు వెలువడెను. అతడు కూల్చిన విమానములు 80. వానిలో ననేకములు నెమ్మదిగా బోవు పరిశీలక విమానములు. జనులు దీనిని ద్వంద్వయుద్ధమని కీర్తించిరి. కాని తఱచుగా జరిగినది, వెనుకనుండి దాపునకు బోయి కాల్చుట. ఆనాటి బ్రిటిషు విమానచోదకులకు పారాచూటులైన నీయలేదు. మింట విమానమున కగ్ని యంటుకొన్న వారి గతి యేమగునో మీరే యూహింపుడు.

1917 జూలైలో రిచ్తోఫెన్ తలకు గాయమయ్యెను. ఇంటనున్న జనులు తలచునట్లు యుద్ధము జయజయధ్వానముల యుత్సవము కాదని యతడే పిదప వ్రాసెను. 1918 ఏప్రిల్ 21న, తన 25వ యేట, అతడును గూలెను. శత్రువులే సైనికమర్యాదలతో నతనిని సమాధి చేసిరి.

ఫ్రాన్సునకు జార్జి గినెమేర్ అట్టివాడు. 53 విమానములను గూల్చి, 1917 సెప్టెంబరు 11న బెల్జియముపై అదృశ్యుడయ్యెను. అతడు మిక్కిలి యెత్తున కెగిరి మరల దిగిరాలేకపోయెనని బడిపిల్లలకు జెప్పిరట! జీవితమంతయు బాలురకు పాఠములు చెప్పినవాడను గనుక, ఈ మాట నన్ను గలచివేయును. చావును దాచి చెప్పిన కథ, తరువాతి బాలుని యుద్ధమునకు బిలుచు పిలుపే కదా!

మన దేశమువాడు ఇంద్రలాల్ రాయ్ 1898లో కలకత్తాలో జన్మించెను. బ్రిటిషు వాయుసేనలో జేరి, 1918 జూలైలో రెండు వారములలోపల పది విజయములు గాంచి, 22వ తేదీన మరణించెను. పతకము మరణానంతరము వచ్చెను. అప్పటి కతనికి ఇరువది యేండ్లైన నిండలేదు.

వీరి శౌర్యమును నేను గాదనను. అంత యెత్తున నొంటరిగా మృత్యువు నెదుర్కొనుట సామాన్యము గాదు. కాని మీ మనుమలు వీరగాథలు వినగోరినపుడు, ఎన్ని కూల్చిరో చెప్పి యూరకుండకుడు. కూల్చినవానికిని, కూలినవానికిని ఎన్నియేండ్లో అదియు జెప్పుడు.